మెదడులో గడ్డ: ఆపరేషన్‌కి ముందు తెలుసుకోవాల్సినవి, చేసుకోవాల్సినవి

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపూరు. నాన్నకి 57 ఏళ్లు, కిరాణా కొట్టు నడుపుతారు. ఇంట్లో తెలుగు, కొట్టులో ఒడియా మాట్లాడతారు. పోయిన నెల గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉండగానే కుడి చెయ్యి, మూతి కుడి పక్క కొట్టుకున్నాయి. రెండు నిమిషాలు మాట రాలేదు. బరంపురంలో ఎమ్మారై తీశారు. మెదడు ఎడమ పక్క ముందు భాగంలో 4.2 సెంటీమీటర్ల గడ్డ, చుట్టూ వాపు ఉన్నాయని, హై గ్రేడ్ గ్లియోమా (మెదడు సొంత కణాల్లోంచే పుట్టి వేగంగా పెరిగే గడ్డ) కావచ్చని రాశారు. డెక్సామెథసోన్ 4 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటామ్ 500 రెండుసార్లు ఇచ్చారు. వారం తిరక్కుండానే తలనొప్పి పోయింది, ఇప్పుడు మామూలుగా తిరుగుతున్నారు. ఆపరేషన్ చెయ్యాలి గానీ మొత్తం తియ్యలేకపోవచ్చు అన్నారు డాక్టరుగారు. మొత్తం రానప్పుడు తల కోయించుకోవడం ఎందుకు అంటారు మా పెదనాన్న. పసరు మందు ఇప్పిద్దామంటుంది అత్తయ్య. నాన్నకి షుగరు ఉంది, యాస్పిరిన్ 75 కూడా ఏళ్ల తరబడి వేసుకుంటున్నారు. ఆపరేషన్‌లో అసలేం చేస్తారు? విశాఖ తీసుకెళ్లాలా, ఒడిశాలోనే చేయించాలా? మేము ఏమేం సిద్ధం చేసుకోవాలి?
— ఒక కూతురు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మమ్మల్ని అన్నిటికంటే కంగారు పెట్టిన మాట "ఇప్పుడు మామూలుగా తిరుగుతున్నారు" అన్నది. మీ నాన్నగారికి తలనొప్పి తగ్గింది డెక్సామెథసోన్ వల్ల. అది స్టెరాయిడ్. గడ్డ చుట్టూ చేరిన నీటి వాపుని ఒకటి రెండు రోజుల్లోనే దించుతుంది. పుర్రె లోపల చోటు కొంచెమే కాబట్టి వాపు దిగగానే ఒత్తిడి తగ్గుతుంది, మనిషి తేలికపడతాడు. గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ దశలోనే చాలా ఇళ్లలో "నయమైపోయిందిగా" అని ఆపరేషన్ వాయిదా వేస్తారు. నాలుగైదు వారాలకి మాత్ర కూడా పనిచెయ్యని స్థితిలో, మగతగా ఉన్న మనిషిని అంబులెన్సులో తెస్తారు. అప్పుడు చేసే ఆపరేషన్‌కీ ఇప్పుడు చేసే ఆపరేషన్‌కీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. స్టెరాయిడ్ ఇచ్చిన ఈ వెసులుబాటు ఆపరేషన్‌కి సిద్ధం కావడానికే.

పెదనాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. మొత్తం రానప్పుడు ఎందుకు? ఈ ఆపరేషన్ మూడు పనుల కోసం. మొదటిది, అదేమిటో తేల్చడం. ఎమ్మారై చూసి చెప్పేది అంచనా మాత్రమే. ఫిట్స్‌తో బయటపడ్డ మచ్చ మన ప్రాంతాల్లో క్షయ గడ్డ కావచ్చు, పంది బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే న్యూరోసిస్టిసెర్కోసిస్ కావచ్చు, ఒంట్లో మరెక్కడో ఉన్న క్యాన్సర్ మెదడుకి పాకినదీ కావచ్చు. నాన్నగారి స్కాన్ గ్లియోమా వైపే మొగ్గుతున్నా, ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తేనే ఖాయం. రెండోది, ఒత్తిడి దించడం. మూడోది, మాటకీ చేతికీ దెబ్బ తగలకుండా ఎంత వస్తే అంత తీసెయ్యడం.

గ్లియోమా కణాలు స్కాన్‌లో కనబడే అంచు దగ్గర ఆగవు. చుట్టూ ఉన్న మంచి మెదడులోకి సన్నగా చొచ్చుకుపోయి ఉంటాయి. అందుకే ఎంత చెయ్యి తిరిగిన సర్జన్ అయినా ఆఖరి కణం దాకా తీశానని చెప్పలేడు. మిగిలినదాని పని పట్టడానికే రేడియేషన్, మందులు. అలాగని ఎంత తీసినా ఒకటే అనుకోకూడదు. ఎక్కువ తీసినకొద్దీ ఆ తర్వాతి చికిత్స బాగా పనిచేస్తుంది, ఆయుష్షు పెరుగుతుంది. కానీ పది శాతం ఎక్కువ తియ్యబోయి మాట పోగొడితే ఆ లాభం మిగలదు. కాబట్టి "కొంత వదిలేశాం" అని డాక్టరు చెబితే దాన్ని ఓటమిగా వినకండి. ఎక్కడ ఆగాలో చూసుకుని ఆగారని అర్థం.

ఈసారి డాక్టరుని కలిసినప్పుడు ఇవి అడిగి కాగితం మీద రాయించుకోండి. గడ్డ చేతిని కదిపే భాగానికి, మాట పుట్టే భాగానికి ఎంత దగ్గరగా ఉంది? ఎక్కువ భాగం తీసే ఆలోచనా, కొంతే తీస్తారా, ముక్క మాత్రమే తీస్తారా? న్యూరోనావిగేషన్ (స్కాన్ బొమ్మల సాయంతో గడ్డ ఎక్కడుందో దారి చూపే యంత్రం) వాడతారా? మెలకువగా ఉంచి చేసే ఆపరేషన్ మా నాన్నకి అవసరమా, అది మీ దగ్గర చేస్తారా? ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ జరుగుతుండగానే ముక్క చూసి చెప్పే పరీక్ష), ఐడీహెచ్ (గడ్డ రకం తేల్చే జన్యు పరీక్ష) ఎక్కడ చేయిస్తారు? ఆపరేషన్ తర్వాత 48 గంటల లోపు ఎమ్మారై తీస్తారా? చివరిదాన్ని అడగడం మరిచిపోవద్దు. మూడు రోజులు దాటితే కోసినచోట మామూలుగా వచ్చే ఎరుపూ వాపూ కూడా స్కాన్‌లో గడ్డలాగే మెరుస్తాయి, ఎంత మిగిలిందో తెలియకుండా పోతుంది.

మెలకువ ఆపరేషన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ నాన్నగారిది కుడి చేతి వాటమైతే గడ్డ ఉన్న ఎడమ పక్కే మాట కేంద్రం ఉండే అవకాశం ఎక్కువ. ఫిట్స్ వచ్చినప్పుడు మాట ఆగిందంటే గడ్డ ఆ చుట్టుపక్కలే ఉండవచ్చన్నమాట. ఈ పద్ధతిలో తల చర్మానికి చుట్టూ మత్తు సూదులు వేస్తారు. మెదడుకి నొప్పి తెలియదు. పుర్రె తెరిచాక మనిషిని లేపి బొమ్మలు చూపిస్తూ పేర్లు చెప్పమంటారు, అంకెలు లెక్కపెట్టమంటారు, చెయ్యి ఆడించమంటారు. ఆ సమయంలో సర్జన్ సన్నటి తీగతో మెదడు మీద ఒక్కో చోట స్వల్పంగా కరెంటు తాకిస్తారు. ఎక్కడ తాకితే మాట తడబడుతుందో ఆ చోటు ముట్టరు. రెండు భాషల మనిషికి ఒక్కో భాషకి సంబంధించిన చోట్లు కొంత వేరుగా ఉండవచ్చు. కాబట్టి ఇంట్లో తెలుగు, కొట్టులో ఒడియా అన్న సంగతి ఓపీ చీటీ మీదే రాయించండి. పరీక్ష రెండింటిలోనూ జరగాలి. బొమ్మల్లో ఆయనకి అలవాటు లేని వస్తువు ఉంటే పేరు చెప్పలేకపోవడం గడ్డ వల్లనుకుంటారు. ముందురోజే ఆయన చేత ఆ బొమ్మలన్నిటికీ పేర్లు చెప్పించి, తెలియనివి తీసేయించాలి. తక్కెడ, తాళం, అరటిపండు లాంటి ఇంటి వస్తువులు, కొట్టు సరుకులు ఉంటే మేలు.

మెలకువ ఆపరేషన్ కాకపోయినా ఈ భాష సంగతి పనికొస్తుంది. ఐసీయూలో నర్సు ఒడియాలో ఏదో అడుగుతుంది, మత్తు వదలని మనిషి తెలుగులో గొణుగుతాడు. అర్థంలేని మాటలు అని కేసు షీటులో పడుతుంది. మంచం తలాపున "తెలుగు, ఒడియా రెండూ వచ్చు, ముందు తెలుగులో అడగండి" అని రాసి అంటించమని అడగండి. విశాఖలో అయితే దీనికి తిరగేసి రాయాలి: కొట్టు లెక్కలు, అంకెలు ఆయనకి ఒడియాలోనే ముందు రావచ్చు.

ఇక మందులు. యాస్పిరిన్ విషయం ఈ రోజే తేల్చుకోండి. యాస్పిరిన్ ప్లేట్‌లెట్ల పని ఆపుతుంది, ఆ ప్రభావం వారం పైగా ఉంటుంది. మెదడులో చిన్న చుక్క నెత్తురు చేరినా ప్రమాదమే కాబట్టి మామూలుగా ఆపరేషన్‌కి 7 రోజుల ముందు ఆపిస్తారు. అయితే ఆయన దాన్ని ఎందుకు వాడుతున్నారో తెలియాలి. ఎప్పుడైనా స్టెంటు వేశారా, గుండెపోటు వచ్చిందా? స్టెంటు ఉంటే గుండె డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. ఊరికే మంచిదని ఎవరో చెబితే వేసుకుంటున్నట్టయితే ఆపడంలో ఇబ్బంది ఉండదు. ఏదైనా నిర్ణయం మాత్రం ఆపరేషన్ చేసే డాక్టరుదే. తలనొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివి కూడా నెత్తురు మీద ప్రభావం చూపేవే. పారాసెటమాల్ చాలు.

డెక్సామెథసోన్ షుగరుని బాగా పెంచుతుంది, అదీ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. పొద్దున్న పరగడుపున చూసి 130 ఉంది, బాగానే ఉందనుకుంటారు. అదే రోజు రాత్రి భోజనం తర్వాత 300 దాటి ఉండవచ్చు. కాబట్టి పరగడుపున ఒకసారి, మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకి, రాత్రి భోజనానికి ముందు గ్లూకోమీటరుతో చూసి నోటుబుక్కులో రాయండి. ఆ పుస్తకం మత్తు డాక్టరుకి చూపించాలి. కొన్నాళ్లపాటు ఇన్సులిన్ పెట్టాల్సి రావచ్చు, భయపడొద్దు. షుగరు ఎక్కువుంటే కుట్లు మానవు, చీము పడుతుంది. ఈ మాత్ర తిన్న తర్వాతే వెయ్యాలి, గ్యాస్ మాత్ర దానికి జత. రాత్రి పొద్దుపోయాక వేస్తే నిద్ర పట్టదు, మనిషి చిరాకుపడతాడు. చివరి మోతాదు సాయంత్రం 5, 6 గంటలకే వెయ్యొచ్చా అని డాక్టరుని అడగండి. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే మందగించి ఉంటుంది కాబట్టి బీపీ పడిపోయి మనిషి కుప్పకూలతాడు. తగ్గించడం మెట్టుమెట్టుగా, డాక్టరు రాసిన లెక్క ప్రకారమే. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది.

ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. ఆపరేషన్ రోజు పొద్దున్న కూడా గుక్కెడు నీళ్లతో వేయిస్తారు. అది వేసుకుంటే కొందరికి కోపం, విసుగు ఎక్కువవుతాయి. అలా ఉంటే చెప్పండి, మార్చే మందులున్నాయి. మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చెయ్యండి, టైము చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పొయ్యడం వద్దు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బండి నడపడం పూర్తిగా మానిపించండి. వంశధారలో స్నానానికి, బావి గట్టుకి, మేడ మీదికి ఒంటరిగా పంపొద్దు.

అత్తయ్యగారి పసరు మందు సంగతి. ఆమె ప్రేమతోనే అంటున్నారు. కానీ ఈ రోజుల్లో అది వద్దు. అందులో ఏముందో మత్తు డాక్టరుకి తెలియదు. కొన్నిటివల్ల కాలేయం దెబ్బతింటుంది, కొన్నిటివల్ల నెత్తురు గడ్డకట్టడం మందగిస్తుంది, దాంతో ఆపరేషన్ తేదీయే వెనక్కి పోతుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. గుడాకు, ఖైనీ, బీడీ ఉంటే ఈ రోజు నుంచే ఆపించండి. ఊపిరితిత్తులకీ కుట్లకీ రెండింటికీ మేలు.

ఆపరేషన్‌కి ముందు రక్తం, కిడ్నీ, సోడియం, గడ్డకట్టే సమయం, హెపటైటిస్, హెచ్ఐవీ పరీక్షలు, ఈసీజీ, గుండె ఎకో చేస్తారు. ఇవి ఎలాగూ వాళ్లే రాస్తారు. మీరు అడగాల్సింది సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే, పుట్టుకతో వచ్చే రక్త లోపం) పరీక్ష. దక్షిణ, పశ్చిమ ఒడిశా జిల్లాల్లో ఆ లక్షణం ఎక్కువ. అది ఉందని ముందే తెలిస్తే మత్తులో ఆక్సిజన్, వేడి, నీళ్లు తగ్గకుండా చూసుకుంటారు. గడ్డ మరెక్కడి నుంచైనా వచ్చిందన్న అనుమానం ఉంటే ఛాతీ, పొట్ట సీటీ కూడా తీస్తారు. లింఫోమా (తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్) అన్న అనుమానం వస్తే మాత్రం ముక్క తీసేదాకా స్టెరాయిడ్ ఆపమంటారు, ఎందుకంటే దానికే ఆ గడ్డ కరిగిపోయి ముక్కలో ఏమీ దొరకదు. రక్తం ఇవ్వడానికి ఇద్దరు ముగ్గురు బంధువులని సిద్ధంగా ఉంచుకోండి.

ఆ రోజు ఏం జరుగుతుందో చెబుతాం. అర్ధరాత్రి నుంచి తిండి ఉండదు. తల మూడు మేకుల పట్టీలో కదలకుండా బిగిస్తారు. ఆ మేకుల గుర్తులు నుదుటి పక్కన, వెనక కనబడతాయి, దెబ్బ అనుకోకండి. జుట్టు చాలాచోట్ల కోసే గీత వెంబడే తీస్తారు. చర్మం విప్పి, పుర్రెకి చిన్న రంధ్రాలు పెట్టి, వాటిని కలుపుతూ కోసి ఎముక ముక్కని మూతలా తీస్తారు. కింద మెదడుని కప్పిన గట్టి పొర ఉంటుంది, దాన్ని తెరిచి మైక్రోస్కోపులో చూస్తూ గడ్డని లోపలి నుంచి బయటికి కొంచెం కొంచెంగా పీలుస్తూ తీస్తారు. మొదట తీసిన ముక్క ఫ్రోజెన్ సెక్షన్‌కి వెళ్తుంది, సుమారు అరగంటలో ప్రాథమిక జవాబు వస్తుంది. నెత్తురు పూర్తిగా ఆగాక పొర కుట్టి, ఎముకని టైటానియం బిళ్లలతో తిరిగి బిగిస్తారు. ఆ బిళ్లలతో ఎమ్మారైకి అడ్డు లేదు. అంతా కలిపి 4 నుంచి 6 గంటలు పట్టవచ్చు. ఎముక తిరిగి పెట్టకుండా పంపితే, మెదడు ఉబ్బినందుకు చోటు ఇచ్చారన్నమాట. అప్పుడు ఆ పక్కన తల ఒత్తుకోకుండా చూడాలి.

మొదటి 24 గంటలు కీలకం, కోసినచోట నెత్తురు చేరే ప్రమాదం అప్పుడే ఎక్కువ. అందుకే గంటగంటకీ లేపి పేరు అడుగుతారు, కళ్లలో లైటు వేస్తారు. నిద్రపోనివ్వడం లేదని గొడవపడొద్దు. రెండో రోజో మూడో రోజో కన్ను ఉబ్బి మూసుకుపోతుంది, మాట కూడా మొదటి రోజుకంటే తగ్గవచ్చు. వాపు ముదిరే రోజులవి. చాలామందిలో వారాల్లో తిరిగి వస్తుంది. కానీ చెప్పకుండా ఊరుకోవద్దు, డాక్టరు చూసి సీటీ అవసరమో కాదో తేలుస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా వీలైనంత త్వరగా కూర్చోబెట్టి నడిపిస్తారు. కుట్లు 7 నుంచి 14 రోజుల్లో తీస్తారు.

ఇంటికొచ్చాక వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెనక్కి తీసుకెళ్లాలి: కుట్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ నీళ్లలాంటిది కారడం, 100.4 దాటిన జ్వరం, వాంతులతో పెరిగే తలనొప్పి, లేపినా లేవని మగత, కొత్తగా చెయ్యి కాలు పడిపోవడం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆలస్యం చెయ్యకండి.

బరంపురమా, కటకమా, విశాఖా అన్నదానికి ఊరికంటే ముందు చూడాల్సినవి: మెదడు ఆపరేషన్లు నిత్యం చేసే సర్జన్, న్యూరో ఐసీయూ, రాత్రిపూట కూడా సీటీ, రెండో చోట అడగాల్సిన పని లేకుండా రక్తనిధి. మీకు దగ్గరలో బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల, ఒడిశాలో ఇంకా భువనేశ్వర్ ఎయిమ్స్, కటకం ఎస్సీబీ ఉన్నాయి. విశాఖలో కేజీహెచ్ ఉంది. రేడియేషన్‌కి విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, కటకంలో ఆచార్య హరిహర్ ఉన్నాయి. విశాఖకి గుణుపూరు నుంచి నౌపడ మీదుగా రైలు దారి ఉంది. ప్రయాణంలో మధ్యాహ్నపు మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి.

డబ్బు విషయం ఆసుపత్రి ఎంచుకోవడానికి ముందే తేలాలి. మీరు ఒడిశావారు కాబట్టి ఆంధ్రా ఎన్టీఆర్ వైద్యసేవ మీకు వర్తించదు. 2025లో ఒడిశాలో మొదలైన ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కార్డు కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవారికి అదనంగా మరో 5 లక్షలు ఉంటాయి. బయటి రాష్ట్రంలో వాడాలంటే ఆ ఆసుపత్రి ఆయుష్మాన్ జాబితాలో ఉండాలి, పైగా అక్కడ న్యూరోసర్జరీకి అనుమతి ఉండాలి. జాబితాలో ఉన్న ఆసుపత్రి అన్ని విభాగాలకీ ఉండకపోవచ్చు. చేరకముందే ఆయుష్మాన్ కౌంటరులో ఆపరేషన్ పేరు చెప్పి అడగండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి, కార్డులో వెనకుంటే, అక్షరాలు ఒక్కటి తేడా ఉన్నా అనుమతి ఆగిపోతుంది. ఇది ఇప్పుడే సరిచేయించుకోండి.

సంచిలో ఎమ్మారై ఫిల్ములతో పాటు సీడీ తప్పకుండా ఉండాలి. ఫిల్ము చూసి నావిగేషన్ చెయ్యలేరు. కొన్ని కేంద్రాలు అడిగితేనే సీడీ ఇస్తాయి. ఒకటికి రెండు కాపీలు తీసుకోండి.

బయాప్సీ రిపోర్టు వారం పది రోజుల్లో వస్తుంది, ఐడీహెచ్, ఎంజీఎంటీ, 1పీ19క్యూ లాంటి జన్యు పరీక్షలకి ఇంకా సమయం పడుతుంది. గ్రేడు 1 నుంచి 4 వరకు ఉంటుంది. ఐడీహెచ్ మార్పు ఉన్న గ్లియోమా, లేనిదానికంటే సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే కేవలం "గ్రేడు ఎంత" అని అడిగి ఊరుకోవద్దు. డిశ్చార్జి అవుతున్నప్పుడే తీసిన ముక్కని భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు ఎప్పుడు ఇస్తారో అడగండి. రేడియేషన్ వేరే ఊళ్లో అయితే వాళ్లు వాటిని మళ్లీ చూస్తారు. అవి లేక వెనక్కి తిరిగి రావడంతో విలువైన వారాలు పోతాయి.

గ్లియోబ్లాస్టోమా (గ్రేడు 4 గ్లియోమా) అని తేలితే మామూలు పద్ధతి ఇది: కుట్లు మానాక, ఆపరేషన్ అయిన 3 నుంచి 5 వారాల్లో రేడియేషన్ మొదలవుతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు, 6 వారాల్లో 30 సార్లు, మొత్తం 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). దానితో రోజూ టెమొజోలోమైడ్ అనే క్యాన్సర్ మందు క్యాప్సూల్, పరగడుపున. వారానికోసారి రక్తపరీక్ష. ఆ తర్వాత నెలకి ఐదు రోజుల చొప్పున ఆ క్యాప్సూలే ఇంకొన్నాళ్లు. మెషీను మీద ఉండేది నిమిషాలే, నొప్పి ఉండదు. కష్టమల్లా గుణుపూరు నుంచి రోజూ వెళ్లి రాలేకపోవడమే. ఆసుపత్రి దగ్గర గది, వంట చేసి పెట్టే మనిషి, కొట్టు చూసుకునేవాళ్లు ఎవరన్నది ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోండి.

నాన్నగారికి ఎంత చెప్పాలని మీరు అడగలేదు గానీ, సంతకం పెట్టేది ఆయన. మాట బాగున్న ఈ రోజుల్లోనే ఆయనకి గడ్డ ఉందని, తియ్యబోతున్నారని, మాటకి ప్రమాదం ఉందని తెలియాలి. మాట కోసం కొంత గడ్డ వదిలెయ్యమంటారా, గడ్డ పోవడానికి మాటలో కొంత పోయినా పర్లేదంటారా అన్నది సర్జన్ ఆయన్నే అడగాలి. పెదనాన్నగారిని కూడా ఆ రోజు గదిలో కూర్చోబెట్టండి. ఇంట్లో అడిగే ప్రశ్నలు ఆయన అక్కడే అడగవచ్చు. ఆ రోజుకి ముందే కొట్టు బాకీల పుస్తకం, బ్యాంకు, బీమా కాగితాలు ఎక్కడున్నాయో నాన్నగారి నోటే చెప్పించి రాసుకోండి.